బెన్ నెవిస్: ఒక్క రోజులో ఎక్కి దిగడం

స్కాట్లాండులోని బెన్ నెవిస్ ఎత్తు 1,345 మీటర్లే కదా అని తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదు. నడక మొదలయ్యే గ్లెన్ నెవిస్ లోయ దాదాపు సముద్రమట్టంలోనే ఉంది కనుక ఆ ఎత్తునంతా కాళ్లతోనే కొలవాలి. రానూపోనూ సుమారు 16 కిలోమీటర్ల ఆ నడక మాకు తొమ్మిది గంటలు పట్టింది.

లండన్ నుంచి కొండ దగ్గరి ఊరైన ఫోర్ట్ విలియం దాకా రాత్రి స్లీపర్ రైలు ప్రయాణం హాయిగానే సాగింది. పొరపాటంతా బస దగ్గరే జరిగింది. ఊళ్లో మేము దిగిన అతిథిగృహంలో గది బాగున్నా, ఎనిమిదిన్నర దాటితే గానీ అల్పాహారం పెట్టలేదు, ఆపైన టాక్సీ కోసం మరో అరగంట పోయింది. కొండ ఎక్కడానికే వెళ్లేవారికి, సౌకర్యాలు సాదాగా ఉన్నా, లోయలోని హాస్టల్ గానీ క్యాంప్‌సైట్ గానీ మేలు.

దారి మొదట్లో రాళ్లు పేర్చిన మెట్లున్నాయి. సుమారు 570 మీటర్ల ఎత్తున చిన్న సరస్సు పక్కన కాస్త ఊపిరి తీసుకోవచ్చు. రెడ్ బర్న్ వాగు దాటాక వచ్చే మెలికల దారే అసలు పరీక్ష: అడుగు కింద రాళ్లు జారుతాయి, ఒక మలుపు తిరిగితే అచ్చం అలాంటిదే మరొకటి ఎదురవుతుంది.

శిఖరం మీద 1883 నుంచి 1904 దాకా పనిచేసిన వాతావరణ పరిశీలనశాల గోడలు మోకాలెత్తున మిగిలాయి. 1894లో ఇక్కడ కొద్ది రోజులున్న భౌతికశాస్త్రవేత్త సి.టి.ఆర్. విల్సన్, మబ్బు మీద పడిన నీడల చుట్టూ రంగుల వలయాలు చూసి, వాటిని ప్రయోగశాలలో పుట్టించబోయి క్లౌడ్ చాంబర్‌ను (కంటికి కనబడని కణాల జాడను మబ్బు చారలుగా చూపే పరికరాన్ని) తయారుచేశారు. దానికే 1927లో నోబెల్ బహుమతి అందుకున్నారు. మాకు మబ్బు దొరికింది గానీ సూర్యుడు దొరకలేదు. ఆ మబ్బులో దారి చూపే రాళ్లగుట్టల్లో ఒకదాని దగ్గర నిలబడితే మరొకటి కనబడలేదు, ఉత్తరాన అంచు దాటితే నిలువు లోయే. పైన మరుగుదొడ్డి గానీ మంచినీళ్లు గానీ లేవు.

దిగేటప్పుడు, మధ్యాహ్నం మూడు దాటాక, మామూలు కాన్వాస్ బూట్లతో ఎక్కుతున్న ఇద్దరు కుర్రాళ్లు ఇంకెంత దూరమని అడిగారు. దిక్సూచి ఉందా అని నేను అడిగితే ఫోన్ చూపించారు. అందులో ఛార్జి పదకొండు శాతం ఉంది.