కడప చేపల టన్నెల్ ఎగ్జిబిషన్: చూసి రండి, బోర్డుల్ని మాత్రం నమ్మొద్దు

కడపలో వేసిన అండర్‌వాటర్ టన్నెల్ ఎగ్జిబిషన్‌కి పిల్లల్ని తీసుకుపోవచ్చా అని మా అపార్ట్‌మెంట్‌లో, ఆఫీసులో చాలామంది అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా. తీసుకుపోండి. టన్నెల్ బాగుంది, పిల్లలకి నచ్చుతుంది, వంద రూపాయల టికెట్‌కి ఇంత పెద్ద చేపల్ని ఇంత దగ్గరగా చూసే అవకాశం మన ఊళ్లో ఇంకెక్కడా లేదు. కానీ లోపల రాసిపెట్టిన బోర్డుల్లో సగం అబద్ధాలు. నా కోపమంతా వాటి మీదే, ఈ రివ్యూలో ఎక్కువ భాగం కూడా దాని గురించే ఉంటుంది.

మా అన్న పిల్లలిద్దర్నీ తీసుకుని పోయాను. పెద్దోడు ఆరో తరగతి, చిన్నది రెండో తరగతి. టికెట్ చింపించుకుని లోపలికి పోగానే మొదట వచ్చేది రెయిన్ ఫారెస్ట్ సెట్. ప్లాస్టిక్ ఆకులు, ఫైబర్ బండలు, పైపుల్లోంచి మంచులా తుంపర, స్పీకర్లలో కప్పలు, పిట్టల అరుపులు. పిల్లలు ఆ తుంపర కింద నిలబడి ఎగిరారు, బయట ఎండకి అది హాయిగానే ఉంది. అమెజాన్ అడవి అని పెద్ద అక్షరాలతో రాశారు, అంతే, ఆ అడవి ఎక్కడుంది, ఎందుకంత గొప్పది అన్న ముక్క ఒక్కటి కూడా లేదు. ఐదు నిమిషాల్లో అయిపోతుంది.

తర్వాత టన్నెల్. రెండు పక్కలా, నెత్తి మీదా అక్రిలిక్, దాని వెనక నీళ్లు, నీళ్లలో చేపలు. ఒక్క ఘనపు మీటరు నీళ్లే టన్ను బరువుంటాయి, అట్లాంటివి ఎన్నో మీటర్లు మన నెత్తి మీద నిలబడి ఉన్నాయంటే ఆ అక్రిలిక్ బిగించినవాళ్ల పనితనాన్ని మెచ్చుకోవాల్సిందే. ఇక్కడ నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది అరాపైమా అనే పెద్ద చేప. మనిషంత పొడవుంది. తలవైపు బూడిదరంగు, వెనక్కి పోయేకొద్దీ పొలుసుల అంచుల మీద కుంకుమ పూసినట్టు ఎరుపు. కాసేపు అడుగునే మెల్లగా తిరిగి, ఉన్నట్టుండి పైకి పోయి, గుటుక్కున శబ్దం వచ్చేలా గాలి మింగి మళ్లీ కిందికొచ్చింది. మా చిన్నది "అత్తా, అది నీళ్లు తాగడానికి పోయిందా?" అనడిగింది. నీళ్లు కాదు, గాలి. అరాపైమాకి మొప్పలొక్కటే చాలవు, పది ఇరవై నిమిషాలకోసారి పైకొచ్చి గాలి పీల్చకపోతే అది బతకదు, దాని గాలితిత్తే ఊపిరితిత్తిలా పనిచేస్తుంది. మన కొర్రమీను కూడా పైకొచ్చి గాలి పీలుస్తుంది, అందుకే మార్కెట్లో తొట్టెలో నాలుగు వేళ్ల నీళ్లలో కూడా ప్రాణంతో ఉంటుంది. ఈ మాట చెప్పేసరికి పెద్దోడు చేతి గడియారం చూసుకుంటూ అరాపైమా మళ్లీ ఎప్పుడొస్తుందా అని అక్కడే పాతుకుపోయాడు. ఇదంతా బోర్డు మీద రాసుంటే ప్రతి పిల్లాడూ అట్లాగే నిలబడేవాడు కదా. అక్కడున్న బోర్డు మీద ఏముందో తెలుసా, "రాక్షస చేప", అంతే.

ఇప్పుడు అసలు సంగతి. టన్నెల్ దాటాక వరసగా గాజు తొట్టెలుంటాయి. వాటిలో ఒకదాని మీద ఎర్ర రంగుతో పుర్రె బొమ్మ వేసి "నరమాంస భక్షక పిరానా" అని రాశారు. జనం అంతా అక్కడే గుమిగూడారు, ఫోన్లు పైకెత్తి వీడియోలు తీస్తున్నారు. దగ్గరికి పోయి చూస్తే గుండ్రంగా, వెండి రంగులో, పొట్ట కింద ఎర్రగా ఉన్న చేపలు. నా పక్కనున్న పెద్దాయన తాపీగా "ఇది రూప్‌చంద్ కదమ్మా, నిన్ననే కిలో తీసుకున్నాం" అన్నాడు. ఆయన మాటే నిజం. చేప నోరు తెరిచినప్పుడు బాగా చూడండి: పిరానాకి పళ్లు రంపంలా త్రికోణంగా, సూదిగా ఉంటాయి, రూప్‌చంద్‌కి మన దవడ పళ్లలా వెడల్పుగా, నలుచదరంగా ఉంటాయి. ఆ పళ్లు మనుషుల్ని పీక్కు తినడానికి కాదు, గింజలు, కాయలు కొరకడానికి.

నాకు బాధ కలిగింది ఎందుకంటే, ఆ చేప అసలు కథ ఆ పుర్రె బొమ్మ కంటే వంద రెట్లు బాగుంటుంది. రూప్‌చంద్ పుట్టిల్లు దక్షిణ అమెరికా, అమెజాన్ నదీ ప్రాంతం. అక్కడ వానలు పడినప్పుడు నది 10 మీటర్ల దాకా పొంగి అడవిలోకి వచ్చేస్తుంది, చెట్ల మొదళ్లు నెలల తరబడి మునిగిపోతాయి. అప్పుడు ఈ చేపలు చెట్ల మధ్య ఈదుకుంటూ పైనుంచి నీళ్లలో రాలిన పండ్లూ కాయలూ తింటాయి. కొన్ని గింజలు నమలకుండా కడుపులోకి పోయి, ఎక్కడో దూరంగా బయటపడి, నీళ్లు తీశాక మొలుస్తాయి. అంటే అడవి చేపకి తిండి పెడుతుంది, చేప అడవిని నాటుతుంది. అట్లాంటి చేప ఇప్పుడు మన ఆంధ్రా చెరువుల్లో పెరిగి కడప మార్కెట్లో తక్కెడలోకి వస్తోంది! ముందు గదిలో ప్లాస్టిక్ రెయిన్ ఫారెస్ట్ పెట్టారు, రెండు గదుల అవతల ఆ అడవిలో పండ్లు తినే నిజం చేపని పెట్టారు, ఈ రెండింటికీ ఉన్న చుట్టరికం ఒక్క లైను రాయలేదు.

తొట్టెల దగ్గర నిలబడిన కుర్రాడితో "తమ్ముడూ, ఇది పిరానా కాదు, బోర్డు మార్చండి" అన్నాను. "అట్లా రాస్తేనే జనం నిలబడి చూస్తారక్కా" అన్నాడు. ఆ పిల్లాడిది తప్పు లేదు, జీతానికి నిలబడ్డాడు. కానీ నిర్వాహకులకి చెప్తున్నా, "మీ ఇంట్లో పులుసు పెట్టే రూప్‌చంద్ అమెజాన్ నుంచి వచ్చింది, దాని పళ్లు చూడండి" అని రాసి చూడండి, ఇంతకంటే ఎక్కువ మందే నిలబడతారు.

దాని పక్కనే ఇంకోటి, "షార్క్". అది పంగాసియస్, మన దగ్గర పంగస్ అంటారు. వీపు మీద రెక్క నిటారుగా ఉంటుంది కాబట్టి చిన్నప్పుడు చూడ్డానికి సొరచేపలా అనిపిస్తుంది, అక్వేరియం షాపుల్లో కూడా షార్క్ అనే అమ్ముతారు. నిజానికి అది ఆగ్నేయాసియాలోని మెకాంగ్ నది వైపు నుంచి వచ్చిన మీసాల చేప, జెల్లల కుటుంబం. సొరచేపకి ఒంట్లో ఎముకే ఉండదు, అంతా మృదులాస్థి. ఆరో తరగతి పిల్లాడు రేపు స్కూల్లో ఎగ్జిబిషన్లో షార్క్ చూశానని చెప్తే ఎట్లా?

నీళ్ల గురించి కూడా చెప్పాలి. టన్నెల్లో నీళ్లు బాగానే ఉన్నాయి, కానీ తొట్టెల్లో రెండు మూడు తెల్లగా మసకబారి ఉన్నాయి. ఇట్లా ఊరూరా తిరిగే ఎగ్జిబిషన్లలో ఇది పెద్ద సమస్య. చేపల మలంలోంచి, మొప్పల్లోంచి అమోనియా వస్తుంది, అది చేపలకి విషం, దాన్ని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో కుదురుకోవడానికి వారాలు పడుతుంది. వీళ్లేమో వచ్చిన వారంలోనే గేటు తెరుస్తారు. దానికి తోడు మన కడప ఎండలు. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. మేమున్నప్పుడు కరెంటు పోయింది, జనరేటర్ అందుకోవడానికి కాస్త టైం పట్టింది, గాలి పంపులు ఆగిపోయిన ఆ కాసేపట్లోనే చిన్న తొట్టెల్లో చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుచుకుని నిలబడ్డాయి. చూడలేకపోయాను. జనరేటర్ దానంతటదే ఆన్ అయ్యే ఏర్పాటు పెట్టడం పెద్ద ఖర్చేం కాదు.

చివర్లో వైల్డ్ లైఫ్ హాలు. తల ఊపే ఏనుగు, గర్జించే సింహం, మెడ తిప్పే జిరాఫీ, అన్నీ మోటార్లతో కదిలే బొమ్మలు. చిన్న పిల్లలు కేకలేసి ఆనందపడతారు, అందులో నాకేం అభ్యంతరం లేదు. కానీ కడపలో వన్యప్రాణుల హాలు పెట్టి అందులో కలివికోడి లేకపోతే ఎట్లా? 1900 తర్వాత ఎవరికీ కనపడక, ఇక అంతరించిపోయిందనుకున్న పక్షి, 1986లో మన సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లె పొదల్లో మళ్లీ దొరికింది. ప్రపంచమంతా మన జిల్లా వైపు చూసింది. దాని కోసమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం పెట్టారు, దాని కోసం తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు. పగలు పొదల్లో దాక్కుని రాత్రి తిరిగే పిట్ట కాబట్టి మనమెవరం చూడలేం, ఛాతీ మీద రెండు పట్టీలతో ఒక బొమ్మ పెట్టి, రెండు లైన్లు రాసి, స్పీకర్లో దాని కూత వినిపిస్తే చాలు. సింహాన్ని పిల్లలు టీవీలో రోజూ చూస్తున్నారు. మా పెద్దోడికి జిరాఫీ మెడ గురించి తెలుసు, కలివికోడి పేరు మాత్రం నా నోటే మొదటిసారి విన్నాడు.

ఆ హాలు మూలలో డబ్బులు తీసుకుని మకావ్ చిలకని భుజం మీద, ఇగ్వానా అనే పెద్ద బల్లిజాతి జీవిని చేతిలో పెట్టి ఫొటో తీస్తున్నారు. మేం తీయించుకోలేదు. ఆ చిలక ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి, ఫ్లాష్ మీద ఫ్లాష్, సాయంత్రం నుంచి అదే పని, రెక్కల ఈకలు కత్తిరించి ఉన్నాయి. ఇట్లాంటి విదేశీ జీవాలు ఎవరి దగ్గరున్నా 2024లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్లో నమోదు చేయించాలి. ఆ కాగితం ఒకటి అక్కడ కనపడేట్టు అతికిస్తే జనానికీ నమ్మకం ఉంటుంది. మీరు ఒకవేళ పిల్లల చేత ఇగ్వానాని పట్టిస్తే, ఆ చేత్తో ఢిల్లీ అప్పడం తినకముందే సబ్బుతో కడిగించండి, పాకే జీవాల ఒంటి మీద కడుపు జబ్బు తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండే అవకాశం ఎక్కువ.

బయటికొచ్చే దారిలో చేపలు అమ్మే స్టాల్ ఉంది, పిల్లలు అక్కడ ఏడవకుండా రారు. గుండ్రటి గాజు గిన్నెలో రెండు గోల్డ్‌ఫిష్ పెట్టి అమ్ముతున్నారు. కొనకండి. గోల్డ్‌ఫిష్ సరిగ్గా చూసుకుంటే పదేళ్లకు పైనే బతుకుతుంది, ఆ గిన్నెలో దాని మురికే దాన్ని చంపేస్తుంది. ఇంకా నాకు భయం వేసిన మాట ఒకటుంది. గాజుకి పాచి నాకే సక్కర్ చేప ఒకటి చూపించి, "పెద్దదైపోతే ఏం చేయాలి?" అనడిగితే, "చెరువులో వదిలేయండి మేడం" అన్నాడు. దయచేసి ఎవరూ ఆ పని చేయొద్దు. మన జాలర్లు దెయ్యం చేప అని తిట్టుకునేది దాన్నే. ఒంటినిండా గట్టి పలకలు, ముళ్లు, వలలో పడితే వల చీరుకుపోతుంది, గట్లకి బొరియలు చేస్తుంది, నీళ్ల బయట కూడా గంటల తరబడి బతుకుతుంది, తినేవాళ్లు లేరు. దక్షిణ అమెరికా నుంచి అక్వేరియాల కోసం తెచ్చిన చేప ఇట్లా వదిలేసినవాళ్ల వల్లే మన నదుల్లో, రిజర్వాయర్లలో నిండిపోయింది. ఇంట్లో ఉన్నదాన్ని సాకలేకపోతే షాపుకే తిరిగివ్వండి.

మిగతావి: పార్కింగ్ ఉంది కానీ దుమ్ము. టన్నెల్లో ఉక్కపోత ఎక్కువ, పెద్దవాళ్లకి మధ్యలో కూర్చునే చోటు లేదు, ఒక్క బెంచీ వేసినా చాలు. ఆదివారం పోతే టన్నెల్లో మీ కాళ్లు తప్ప ఏమీ కనపడవు, వెనకనుంచి తోస్తూనే ఉంటారు. మామూలు రోజు సాయంత్రం గేటు తెరిచే టైముకి పోండి, అరాపైమా ఉన్న వైపు, టన్నెల్ మలుపు దగ్గర ఎడమ పక్కన నిలబడితే అది పైకి పోయేది పూర్తిగా కనిపిస్తుంది. పిరానా తొట్టె దగ్గరికి వచ్చాక పిల్లలకి పళ్లు చూపించడం మర్చిపోవద్దు.