పది పీసులకూ డీటీఎఫ్ ప్రింట్: తిరుపతిలో బ్రాండ్ పెట్టే పిల్లకాయలకు ఎంతవరకు పనికొస్తుంది?

కాలేజీలో ఉండగానే సొంత పేరుతో ఓవర్‌సైజ్డ్ టీషర్టులు అమ్మాలనుకునే తిరుపతి పిల్లకాయలకు దగ్గరి దారి ఒకటుంది. తిరుప్పూర్ నుంచి ప్లెయిన్ టీషర్టులు తెప్పించుకుని, ఊళ్లోని ప్రింటింగ్ షాపులో డీటీఎఫ్ (డైరెక్ట్ టు ఫిల్మ్), అంటే బొమ్మను ముందు ఫిల్మ్ మీద వేసి తర్వాత గుడ్డకు అతికించే ప్రింట్, వేయించుకోవడం. ఒక్క పీసుకైనా ప్రింట్ పడుతుంది. స్క్రీన్ (రంగు దిగే జాలీ అచ్చు) చేయించే ఖర్చు లేదు. రెండు రంగులున్నా ఇరవై ఉన్నా ఫిల్మ్ మీటరు రేటు ఒకటే. ఏ డిజైన్ ఆడుతుందో తెలుసుకోవడానికైతే ఈ సర్వీసుకు పదికి ఎనిమిది మార్కులు. ఆడిన డిజైన్‌ను వందలకొద్దీ దీనిమీదే లాగితే నాలుగు కూడా ఎక్కువే.

కారణం పని జరిగే తీరులోనే ఉంది. డిజైన్‌ను ప్లాస్టిక్ ఫిల్మ్ మీద తిరగేసి ప్రింట్ చేస్తారు. రంగుల మీద తెల్ల ఇంకు పొర వేస్తారు. అది తడిగా ఉండగానే జిగురు పౌడర్ చల్లి, వేడికి కరిగిస్తారు. ఆ ఫిల్మ్‌ను టీషర్టు మీద పెట్టి హీట్ ప్రెస్‌తో అదుముతారు. అంటే రంగు నూలులోకి ఇంకదు, పల్చటి ప్లాస్టిక్ పొర గుడ్డకు అతుక్కుంటుంది, అంతే. వీపంతా నిండే బొమ్మ వేస్తే ఆ మేర గాలి ఆడదు. మే నెలలో ఆ చొక్కా తొడుక్కుంటే వీపుకు అట్ట కట్టినట్టే. నల్ల చొక్కా మీద డిజైన్‌లోని నలుపంతా తీసేసి గుడ్డ రంగునే వాడుకోవాలి. పెద్ద రంగుల ముద్దలను చుక్కలుగా విడగొట్టాలి. ఇంకు తగ్గుతుంది, ఒళ్లు ఊపిరి పీల్చుకుంటుంది, ప్రింట్ చిట్లడం కూడా తగ్గుతుంది.

ఫైలు బ్యాక్‌గ్రౌండ్ లేని పీఎన్‌జీ అయి ఉండాలి, అసలు సైజులో 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు). గ్లో, నీడలాంటి సగం పారదర్శకంగా ఉండే అంచులు వద్దు. వాటి కింద తెల్ల ఇంకు పడి బొమ్మ చుట్టూ పాలిపోయిన గీత తేలుతుంది. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే ఫైలు నలిగిపోతుంది, డాక్యుమెంటుగానే పంపండి.

డబ్బు మిగిలేది మాత్రం ఫిల్మ్ మీద బొమ్మలు పేర్చడంలో. రోల్ వెడల్పు 60 సెంటీమీటర్లు, అందులో ప్రింట్ పడేది సుమారు 58. ఏ3 వెడల్పు 29.7 కాబట్టి రెండు పక్కపక్కన పట్టవు. సగం ఫిల్మ్ ఖాళీగా పోతుంది, దానికీ డబ్బు కట్టాలి. బొమ్మను 28 సెంటీమీటర్లకు తగ్గిస్తే ఎత్తు దాదాపు 40 అవుతుంది. అప్పుడు మీటరులో నాలుగు వీపు బొమ్మలు కూర్చుంటాయి. మధ్య ఖాళీలు పోగా మిగిలే 18 సెంటీమీటర్ల పట్టీలో 9 సెంటీమీటర్ల ఛాతీ లోగోలు ఆరు, వాటి కింద మెడ లేబుళ్లు. మెడ లేబుల్ చిన్నదిగా, గట్టి పెట్టె లేకుండా వట్టి అక్షరాలతో ఉండాలి. లేదంటే చెమటకు మెడ దురద పెడుతుంది.

ప్రెస్ చేసేటప్పుడు పక్కనే నిలబడండి. మొదట గుడ్డను ఓ ఐదు సెకన్లు ఉత్తగా అదిమి తేమ పోగొట్టాలి. తర్వాత ఫిల్మ్ పెట్టి 150 నుంచి 160 డిగ్రీల దగ్గర 10 నుంచి 15 సెకన్లు. కోల్డ్ పీల్ ఫిల్మ్ అయితే పూర్తిగా చల్లారాకే పీకాలి. తొందరపడితే అంచులు ఫిల్మ్‌తోపాటే లేస్తాయి. పీకాక పైన కాగితం వేసి ఇంకో ఐదు సెకన్లు అదమడం చాలాచోట్ల ఎగ్గొట్టే పని, ప్రింట్ నిలిచేదేమో దానివల్లే. కాలర్, కుట్లు ప్రెస్ అంచుకు బయట ఉండాలి. కుట్టు కింద పడితే దాని పక్కన ఒత్తిడి అందక ప్రింట్ సగమే అంటుతుంది. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు కదా, ఆ రోజుల్లో జిగురు పౌడర్ తేమ పట్టి ఫిల్మ్ ఖాళీ భాగానికీ అంటుకుంటుంది. బొమ్మ చుట్టూ ఇసుక చల్లినట్టు చుక్కలు కనిపిస్తే ఆ లాట్ తీసుకోవద్దు.

ఉతుకు పరీక్ష రెండు పీసుల మీద చేయాలి. ప్రెస్ చేశాక ఒక రోజు ఆగి, ఒకదాన్ని తిరగేసి చల్లనీళ్లలో ఐదుసార్లు ఉతకండి. రెండోదాన్ని బండమీద వేసి బ్రష్ పెట్టి రుద్దండి. కొన్నవాళ్ల ఇళ్లలో జరిగేది ఈ రెండోదే.

గుడ్డ విషయంలో 240 జీఎస్‌ఎం (చదరపు మీటరు గుడ్డ బరువు గ్రాముల్లో) అనేది ఇప్పుడో గొప్పగా తయారైంది. చెప్పిన బరువు నిజమో కాదో తేల్చడం సులువే. 10 సెంటీమీటర్ల చదరం ముక్క కత్తిరించి బంగారం కొట్టు కాటాలో పెడితే 2.4 గ్రాములు తూగాలి. భుజాలు కుంగని ఓవర్‌సైజ్డ్ ఆకారానికి ఆ మందం బాగుంటుంది గానీ, మన ఎండలకు 180, 200 హాయి. కుదింపు కూడా చూడండి. 50 సెంటీమీటర్ల గీత ఉతికాక 47.5 అయితే ఐదు శాతం పోయినట్టే, సైజు చార్టు ఆ మేరకు మార్చాలి. పక్క కుట్టు మెలితిరిగి పొట్టమీదికి వస్తే ఆ సరుకు మళ్లీ కొనకండి. 24 పీసుల మొదటి ఆర్డరును ఎస్ 4, ఎం 8, ఎల్ 8, ఎక్స్ఎల్ 4గా పంచుకుంటే చాలు.

50 పీసులు దాటే డిజైన్‌కు స్క్రీన్ ప్రింటింగ్ రేటు అడగండి. రంగుకో స్క్రీన్, నల్ల గుడ్డకైతే కింద తెలుపు పొరకు ఇంకొకటి. అంటే రెండు రంగుల బొమ్మకు మూడు స్క్రీన్లు. పది పీసులకు అది మోయలేని బరువు, వందకు ఏమంత కాదు.

హీరోల ముఖాలు, అనిమే బొమ్మలు అడిగితే చాలా షాపులు మారుమాట లేకుండా వేసేస్తాయి, కానీ కాపీరైట్ లాంటి హక్కుల తలనొప్పి అమ్మినవాడికీ ఉంటుంది. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది. డీటీఎఫ్ బొమ్మను కలంకారీ అని అమ్మడం మోసమే. 18 ఏళ్లు నిండనివాళ్లు చేసుకున్న ఒప్పందం చెల్లదు కాబట్టి కాగితాలన్నీ అమ్మానాన్నల పేరుమీద పెట్టాలి. బ్రాండ్ పేరుకు ట్రేడ్‌మార్క్ 25వ తరగతిలో (బట్టల తరగతి), వ్యక్తిగతంగా ఆన్‌లైన్‌లో వేస్తే రుసుము రూ.4,500. చెన్నై, బెంగళూరు పక్కనే ఉన్నాయని ఆర్డర్లు పట్టేముందు ఒకటి గుర్తుంచుకోండి, వేరే రాష్ట్రానికి అమ్మితే టర్నోవర్ ఎంత తక్కువైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు. పీసు ధర రూ.2,500 దాకా పన్ను ఐదు శాతం.

ప్లెయిన్ సరుకు ఆర్డర్ పెట్టేటప్పుడు పిన్‌కోడ్ రెండుసార్లు చూసుకోండి. తిరుపతి 517తో, తిరుప్పూర్ 641తో మొదలవుతాయి. కంగారులో ఒకటి బదులు ఇంకొకటి రాస్తే పార్సిల్ బయలుదేరిన ఊళ్లోనే తిరుగుతుంటుంది.