కారు మీద జంట సైకిలు, సిక్కోలు జిల్లాలో నాలుగు రోజులు

విజయనగరంలో మా వీధివాళ్లకు అలవాటైపోయింది గానీ, పొరుగూళ్లలో మాత్రం ఇద్దరు తొక్కే సైకిలు కారు మీద కనిపిస్తే జనం ఇప్పటికీ ఆగి చూస్తారు. నాకు 67 ఏళ్లు, నా భార్యకు 63. గ్లాకోమా వల్ల ఆమెకు పక్కచూపు తగ్గిపోయి, ఒంటరిగా సైకిలు తొక్కే వీలు లేకుండా పోయినప్పుడు ఒకరు వాడిన ఈ జంట సైకిలును కొన్నాము. ముందు కూర్చుని హ్యాండిలు పట్టేవారిని కెప్టెన్ అనీ, వెనుక కూర్చుని తొక్కేవారిని స్టోకర్ అనీ అంటారు. స్టోకర్ అంటే ఆవిరి ఇంజనులో బొగ్గు వేసేవాడని చెప్పిన పాపానికి ఆమె నాతో ఒక పూటంతా మాట్లాడలేదు. తొక్కడంలో మాకు ఇబ్బంది లేదు. రానూపోనూ పాతిక కిలోమీటర్లుండే రామతీర్థానికి వారానికొకసారైనా వెళ్లి వస్తాము. ఇబ్బందంతా దానిని మరో ఊరికి తీసుకుపోవడంలోనే ఉంది.

సైకిలు బరువు 24 కిలోలు, పొడవు ఎనిమిదడుగులు. మా కారు వెడల్పు అయిదున్నర అడుగులు. డిక్కీకి తగిలించే స్టాండు మీద అడ్డంగా కడితే సైకిలు రెండు వైపులా అడుగుకు పైగా బయటికి పొడుచుకు వస్తుంది, పైగా నంబరు ప్లేటూ వెనుక లైట్లూ కనబడకుండా పోతాయి. చక్రాలు రెండూ విప్పితే పొడవు ఆరడుగుల దాకా దిగుతుంది, అదీ కారు వెడల్పు కంటే ఎక్కువే. అంతకు ముందొకసారి ట్రాలీ ఆటో మాట్లాడి, గోనెసంచులు పరిచి, సైకిలును పడుకోబెట్టి పంపించాము. డ్రైవరు దారిలో ఎవరివో రెండు సిమెంటు బస్తాలు కూడా ఎక్కించుకున్నాడు. సైకిలు చేరింది గానీ, ముందు పెడళ్లకూ వెనుక పెడళ్లకూ మధ్య నడిచే పొడవాటి గొలుసు మీద పిడికెడు సిమెంటు పేరుకుపోయింది. దానిని కిరోసిను గుడ్డతో తుడవడానికి ఒక రోజు పట్టింది.

కాబట్టి మిగిలింది కారు టాపు. టాపు మీద యాభై కిలోలకు మించకూడదని మా కారు పుస్తకంలో రాసి ఉంది, ఆ లెక్కకు చిక్కు లేదు. వెల్డింగు షాపులో రెండు అడ్డకడ్డీల మీద పొడవునా ఒక ఇనుప ఛానెలు బిగించారు, సైకిలు చక్రాలు అందులో నిలబడతాయి. ఎక్కించే ముందు సీట్లు, పంపు, నీళ్ల సీసాలు, పనిముట్ల సంచి తీసేస్తే రెండు కిలోలైనా తగ్గుతాయి. కారు వెనుక నిలబడి ముందు చక్రాన్ని ఎత్తి ఛానెలు అంచు మీద పెట్టడం మొదటి పని. ఆ సమయంలో నా భార్య వెనుక చక్రం జారకుండా రెండు చేతులతో బ్రేకు పట్టుకుంటుంది. ఇంతవరకు సగం బరువే గనుక పరవాలేదు. ఆ తరువాత వెనుక భాగాన్ని భుజాల ఎత్తు దాకా లేపి ముందుకు తోయాలి. అరవై దాటాక బరువు మొయ్యడం కంటే, బరువుతో చెయ్యి భుజం దాటించడం కష్టమని నాకు అక్కడే తెలిసింది. మొదట్లో ప్లాస్టిక్ స్టూలు ఎక్కేవాణ్ణి. అది ఒకసారి కాలి కింద వంగిన తరువాత, అడుగు ఎత్తున్న వెడల్పాటి చెక్కపీట ఒకటి చేయించుకున్నాను. పాత ట్యూబును నిలువుగా చీల్చిన పట్టీలు చక్రాలకు, నవారు పట్టీలు ఫ్రేముకు. నవారును ఒక మెలిక తిప్పి కడితే గాలికి బుయ్యిమని మోగదు.

అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడిలో రథసప్తమి రద్దీ తగ్గాక, మేము ఒక సోమవారం శ్రీకాకుళానికి బయలుదేరాము. నాతవలస దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, గంటకు అరవై దాటకుండా నడిపాను. రణస్థలంలో టీ కోసం ఆగినప్పుడు చూస్తే ముందు పట్టీ వేలు దూరేంత వదులైంది. పది కిలోమీటర్లకే ఒకసారి ఆగి బిగించాలన్న నా నియమాన్ని నేనే మరచిపోయాను.

శ్రీకాకుళంలో మొదటి రాత్రికి ఫోనులో గది మాట్లాడుకున్న లాడ్జిలో, పార్కింగు ఉందన్నారు గానీ అది సెల్లారని చెప్పలేదు. సైకిలుతో కలిపి మా కారు ఎత్తు ఎనిమిదిన్నర అడుగులు. నేను మరచిపోతానని నా భార్య ఆ అంకెను పెద్ద అక్షరాలతో రాసి డ్యాష్‌బోర్డుకు అంటించింది. ఆ చీటీయే లేకపోతే సెల్లారు దూలానికి హ్యాండిలు తగిలి, సైకిలుతో పాటు టాపు కూడా ఊడేది. వీధిలో దించి, మెట్ల కింద పెట్టుకుంటామంటే మేనేజరు ఒప్పుకోలేదు. కారు మీదే ఉంచి రోడ్డు పక్కన వదిలేయమన్నాడు. చివరికి వంటగది వెనుక వరండాలో చోటు దొరికింది, అదీ వంట మనిషి దయ వల్ల. గదులు శుభ్రంగానే ఉన్నాయి, వేడినీళ్లు వచ్చాయి. అయినా మళ్లీ అక్కడ దిగను.

మరునాడు ఉదయమే పాత బజారు వైపు ఒక చిన్న లాడ్జికి మారాము. మళ్లీ కారుకెక్కించే ఓపిక లేక సైకిలు తొక్కుకుంటూ అక్కడికి వెళ్లి, తిరిగి ఆటోలో వచ్చి కారు తెచ్చుకున్నాను. మంచాలు పాతవి, దోమతెర అడిగితేనే ఇచ్చారు. కానీ గది కింది అంతస్తులో ఉంది, సైకిలును తలుపు ముందు వసారాలోకి నేరుగా తోసుకుపోవచ్చు. మంచం మెత్తదనం ఒక రాత్రి సంగతి, సైకిలు చోటు మాత్రం ఉన్నన్నాళ్ల సంగతి గనుక, నా లెక్కలో ఇదే మెరుగు.

అక్కడి నుంచి అరసవల్లి దగ్గరే. సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకే రోజులు మార్చిలోనూ అక్టోబరులోనూ వస్తాయి గనుక మాకు ఆ భాగ్యం లేదు, దానికి బదులు దర్శనం పది నిమిషాల్లో అయింది. శ్రీకూర్మం దాకా తొక్కడమే ఈ యాత్రలో మాకు దక్కిన మంచి ఉదయం. రోడ్డు చాలావరకు సమంగా ఉంటుంది, ఎండ ముదరక ముందే చేరవచ్చు. పడమర ముఖంగా ఉన్న కూర్మనాథుని గుడినీ, రెండు ధ్వజస్తంభాలనూ, ఆవరణలో పెంచే నక్షత్ర తాబేళ్లనూ నా భార్య తాపీగా, దగ్గరగా నిలబడి చూసింది. తాబేలు వీపు మీది గీతలు తన చూపుకు సరిపోయే వేగంతో కదులుతున్నాయని అంది. తిరుగు దారిలో వెనుక చక్రం పుల్ల ఒకటి తెగింది. ఇద్దరి బరువూ రెండు చక్రాల మీదే పడితే ఇది మామూలే. బజారులోని సైకిలు షాపు కుర్రాడు జంట సైకిలును జీవితంలో చూడకపోయినా, కొలత చూసి పుల్ల వేసి, రిమ్ము వంకర తీసి, వంద రూపాయలు తీసుకున్నాడు.

బుధవారం ఉదయం మళ్లీ కారు మీదికి. ఆ లాడ్జి వాచ్‌మన్ నన్ను పీట ఎక్కనివ్వలేదు. "ఏటి బాబూ, ఒక్కరే ఎత్తేస్తారా? ఉండండి, ఓ సెయ్యేస్తాను" అంటూ వచ్చి, వెనుక భాగాన్ని ఒక్క ఊపులో తోసేశాడు. పది నిమిషాల పని రెండు నిమిషాల్లో ముగిసింది. శాలిహుండంలో కొండ ఎక్కడానికి మెట్లున్నాయి గనుక సైకిలు కిందనే ఉండిపోయింది. 1919లో ఈ బౌద్ధ క్షేత్రాన్ని గుర్తించినది వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారేనని కొండ మీద గుర్తుకొచ్చి, వంశధార వైపు చూస్తూ కాసేపు కూర్చున్నాము. కళింగపట్నంలో మధ్యాహ్నం సముద్రపు గాలి ఎంతగా ఉందంటే, కారు నిలిపి ఉన్నా సైకిలు ఊగుతూనే ఉంది. దించే సాహసం చేయక, దీపస్తంభాన్ని చూసి, తేగలు కొనుక్కుని బయలుదేరాము.

టెక్కలిలో దొరికిన గది మేడ మీద ఉన్నా, కింద తాళం వేసే షెడ్డు ఉంది, అంతే చాలు. గురువారం నౌపడా ఉప్పు మళ్ల పక్కగా, వలస పక్షులు వచ్చే తేలినీలాపురం దాకా తొక్కాము. చెట్ల నిండా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు; ఆ రొదలో వెనుక నుంచి ఆమె చెప్పే మాట నాకు వినపడక ఒక మలుపు దాటిపోయాను. ఇంత దూరం సైకిలును మోసుకొచ్చినందుకు సరిపోయే చోటు ఈ యాత్రలో ఇదొక్కటేనని నా అభిప్రాయం, శ్రీకూర్మం తనకు ఎక్కువ నచ్చిందని ఆమె అభిప్రాయం.

నాలుగు రోజుల్లో మూడుసార్లు ఎక్కించి, మూడుసార్లు దించాము. ఇంటికి చేరాక రెండు రోజులు కుడి చెయ్యి దువ్వెన పట్టలేదు. మూడోనాడు వెల్డింగు షాపుకు వెళ్లి, ఛానెలు వెనుక అంచుకు కీలుతో మడతపడే మరో ఛానెలు వేయమని అడిగాను: దాన్ని నేలకు వాలిస్తే సైకిలును ఎత్తనక్కరలేకుండా నడిపించుకుంటూ ఎక్కించవచ్చు. పన్నెండు వందలు అవుతుందన్నాడు. అయిదు వందలు అడ్వాన్సు ఇచ్చాను, ఉగాదికి ముందు ఇస్తానన్నాడు.