బెంగళూరులో ఎమ్మెస్సీ మ్యాథ్స్ సీటుకి డబ్బు కట్టే ముందు ఇది చదవండి

బెంగళూరు ప్రైవేటు యూనివర్సిటీల్లో ఎమ్మెస్సీ మ్యాథ్స్ చేద్దామని మన వైపు నుంచి వచ్చే పిల్లలు చాలామందే ఉన్నారు. వాళ్లకీ, వాళ్ల అమ్మానాన్నలకీ చెప్పేది ఒక్కటే: బ్రోచర్‌లో ఉన్న కోర్సుల పట్టిక చూసి ఫీజు కట్టకండి.

మా తమ్ముడు చేరిన చోట (పేరు రాయను) పట్టికలో మెజర్ థియరీ, గాల్వా థియరీ, ఆల్జీబ్రాయిక్ టోపాలజీ అన్నీ ఉన్నాయి. తీరా మూడో సెమిస్టర్ వచ్చాక, ఎలెక్టివ్ (మనం ఎంచుకునే కోర్సు) నడవాలంటే తగినంతమంది ఉండాలి, చెప్పే సారు దొరకాలి అన్నారు. రెండూ కుదరలేదట. అందరికీ కలిపి డేటా అనలిటిక్స్ అంటగట్టారు. అదీ ఎక్సెల్‌లో గ్రాఫులు గీయించడంతో సరి.

నడిచిన కోర్సులైనా బాగున్నాయా అంటే అదీ లేదు. ఆల్జీబ్రాలో సైలో థియరమ్స్ బోర్డు మీద రాసి, "ప్రూఫ్ పరీక్షకి రాదు, వదిలేయండి" అన్నారు. రియల్ అనాలిసిస్‌కి ఒక క్వశ్చన్ బ్యాంక్ చేతిలో పెట్టారు. పరీక్షలో అవే ప్రశ్నలు, అంకెలు కూడా మార్చకుండా. మార్కులకేం, దండిగా వస్తాయి. సీఎస్ఐఆర్ నెట్ (లెక్చరర్ అర్హతకి, రీసెర్చ్ ఫెలోషిప్‌కి రాసే జాతీయ పరీక్ష) పాత పేపర్ తీస్తే అసలు సంగతి తెలుస్తుంది. పార్ట్ సీలో ఒక ప్రశ్నకి ఒకటికి మించి సరైన జవాబులు ఉండొచ్చు, అన్నీ గుర్తిస్తేనే మార్కులు. బట్టీ కొట్టినవాడు అక్కడ తేలిపోతాడు.

అందుకే గత రెండు సెమిస్టర్ల టైంటేబుల్, ఎండ్ సెమ్ పేపర్లు చూపించమని అడగండి. అదేం గొంతెమ్మ కోరిక కాదు. ఇదే ఊళ్లో ఐఐఎస్సీ గణిత విభాగం ఏ సెమిస్టర్‌లో ఏ కోర్సు ఎవరు చెబుతున్నారో వెబ్‌సైట్‌లోనే పెడుతుంది. మేం అడిగితే అడ్మిషన్ల వాళ్లు క్యాంపస్ చూపిస్తాం రమ్మన్నారు గానీ టైంటేబుల్ మాత్రం ఇవ్వలేదు.

"అన్నా, సాయంత్రానికి సీట్లు క్లోజ్" అని కన్సల్టెన్సీ వాళ్లు ఫోన్ చేస్తే కంగారు పడకండి. ఎమ్మెస్సీ మ్యాథ్స్‌కి అంత తోపులాట ఎక్కడుంది!

యూజీసీ (యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ) 2018 రీఫండ్ నిబంధన ప్రకారం అడ్మిషన్ల చివరి తేదీ దాటి 30 రోజులైతే ఫీజు వెనక్కి రాదు. ఎలెక్టివ్‌ల బండారం బయటపడేదేమో ఆ తర్వాతే. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకునే హక్కు మాత్రం కాలేజీకి లేదు, అదే నోటిఫికేషన్‌లో ఉంది. ఇవ్వబోమని మొండికేస్తే యూజీసీ ఈ-సమాధాన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి, ఫీజు రసీదులు జతచేసి.