గాలి తీయకుండానే ఇసుకలోకి దింపారు

ఇసుకలో, రాళ్లలో బండి నడపడం నేర్చుకోవడానికి మూడు రోజుల ట్రిప్పు. మొదటి రోజు గురించి చెప్పడానికి ఏమీ లేదు, రోడ్డు బాగుంది, వెనక సీట్లో అందరూ నిద్రపోయారు. రెండో రోజు గురించి మాత్రం ఇంకా కడుపు మండుతూనే ఉంది, అందుకే రాస్తున్నాను.

బండి మా బావమరిదిది. ఫోర్ వీల్ డ్రైవ్ కొని ఏడు నెలలైంది. మామూలు గేర్ పక్కన, నాలుగు చక్రాలకీ ఇంజిను శక్తి పంపడానికి ఇంకో లివర్ ఉంటుంది, దాన్ని వాడు ఒక్కసారే ముట్టుకున్నాడు, అదీ అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో. ఫోర్ హైలో, అంటే నాలుగు చక్రాలూ మామూలు వేగంతో లాగే స్థానంలో పెట్టి గట్టిగా మలుపు తిప్పితే బండి ఎవరో పట్టుకున్నట్టు బిగుసుకుపోయిందట, పాడైన బండి అంటగట్టారని షోరూమ్ మీదికి గొడవకి వెళ్లబోయాడు. తప్పు బండిది కాదు. అవసరమైనప్పుడే నాలుగు చక్రాలకీ శక్తి పంపే అలాంటి పార్ట్ టైమ్ సిస్టమ్‌లో, ఆ లివర్ వేశాక ముందు ఇరుసు, వెనక ఇరుసు ఒకే వేగంతో తిరిగేలా ముడిపడిపోతాయి, మలుపులో మాత్రం ముందు చక్రాలు ఎక్కువ దూరం వెళ్లాలి. మట్టిలోనో ఇసుకలోనో అయితే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది, గట్టి నేల మీద జారదు కాబట్టి ఆ ఒత్తిడంతా గేర్ల మీద పడుతుంది. ఇది తెలిశాక "నేర్చుకుందాం బావా" అని వాడే నా ప్రాణం తీశాడు. "మీరిద్దరూ ఇరుక్కుంటే తొయ్యడానికి నేను దిగను" అని మా ఆవిడ ముందే చెప్పి మరీ ఎక్కింది.

మేం ఎంచుకున్న శిక్షణ క్యాంపువాళ్లు ఫోన్‌లో శిక్షణ, బస, గైడు అన్నీ కలిపి ఒకే ఫీజు అన్నారు. బస అంటే జిప్పు పడని టెంటు. రాత్రి పదికల్లా జనరేటర్ ఆపేస్తామన్నారు, ఒంటిగంట దాకా మోగింది. అది భరించొచ్చు, నేర్చుకోవడానికి వచ్చాం కదా అనుకున్నాం. పొద్దున్న చూస్తే ఆరు బండ్లకి ఒక్కడే ట్రైనర్. ఆయన మొదటి బండిలో కూర్చుని వాకీటాకీలో పాఠం చెబుతాడు, మాకిచ్చిన వాకీటాకీలో చార్జింగ్ లేదు. వెళ్లి అడిగితే వచ్చిన పాఠం మొత్తం ఇదే: "ఇసుకలో స్పీడు తగ్గించకండి సార్, తొక్కండి."

మా టైర్లలో గాలి 33 పీఎస్ఐ. రోడ్డు మీద ఎంత ఉండాలో అంతే. ఎవరూ చూడలేదు, తీయమనలేదు. రెండు వందల మీటర్లు కూడా పోకుండానే బండి బరువెక్కింది, మావాడు చెప్పినట్టే ఇంకా తొక్కాడు, చక్రాలు అక్కడికక్కడే తిరిగి గుంట తవ్వుకున్నాయి, అర నిమిషంలో బండి పొట్ట ఇసుకకి ఆనింది. అలా ఆనాక ఫోర్ వీలైనా టూ వీలైనా ఒకటే, బరువు చక్రాల మీద ఉండదు.

అసలు భయం ఆ తర్వాత. ట్రైనర్ బండి వెనక్కి తెచ్చి, తాడు తీసి, మా బండి వెనక ట్రైలర్ తగిలించుకునే ఉక్కు బంతి ఉంటుంది చూడండి, దానికి వేశాడు. ట్రైలర్‌ని నిదానంగా లాగడానికి పెట్టింది అది, కూరుకుపోయిన బండిని గుంజడానికి కాదు. కుదుపుకి అది విరిగితే సాగిన తాడు దాన్ని ఫిరంగి గుండులా విసురుతుంది, అలా మనుషులు చనిపోయారు కూడా. ఇరుక్కున్న బండిని లాగడానికే చాసిస్‌కి, అంటే బండి చట్రానికి బిగించిన రికవరీ హుక్ ఉంది కదా, దానికెయ్యండి అన్నాను. "ఎన్నో ఏళ్లుగా ఇలాగే లాగుతున్నాం సార్" అన్నాడు. చుట్టూ నిలబడి ఫోన్లలో వీడియో తీస్తున్నవాళ్లని నేనూ మా ఆవిడా కలిసి తాడు పొడవుకి రెండింతల దూరం తరిమాం. ఏమీ విరగలేదు, మా అదృష్టం.

ఆ రోజు మూడుసార్లు ఇరుక్కున్నాం. సాయంత్రం బిల్లులో "రికవరీ" అని ఒక్కో లాగుడికి ఫీజులో నాలుగో వంతు వేశారు. అంటే కట్టిన ఫీజుకి ఇంకో ముప్పావు వంతు. ఇదేంటంటే కాగితం వెనక చిన్న అక్షరాలు చూపించారు. గాలి తీయించని వాళ్లు మేం ఇరుక్కున్న ప్రతిసారీ డబ్బు లెక్కేసుకుంటున్నారంటే, అది మతిమరుపని నేను నమ్మను. ఆ రాత్రి బావమరిది ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు ఇంటికి పోదామంది మా ఆవిడ.

పోలేదు. తెలిసినవాళ్లు చెప్పగా ఒకప్పుడు మెకానిక్‌గా చేసిన పెద్దాయన దగ్గరికి వెళ్లాం. బస లేదు, బోర్డు లేదు, ఒకసారికి ఒకే బండి. పూటకి ఆయన తీసుకున్నది క్యాంపు ఫీజులో మూడో వంతు. ముందు బండి స్టార్ట్ చేయనివ్వలేదు. జేబులోంచి చిన్న గేజ్ తీసి నాలుగు టైర్లలో గాలి 18కి దించాడు, పావుగంట పట్టింది. గాలి తగ్గితే టైరు అడుగు పొడవుగా పరుచుకుని బరువు ఎక్కువ చోట పడుతుంది. 15 కంటే కిందికి పోతే, గట్టిగా తిప్పినప్పుడు టైరు రిమ్ నుంచి ఊడొచ్చని, మళ్లీ తారు రోడ్డెక్కే ముందు గాలి నింపకపోతే వేడెక్కి పేలొచ్చని మూడుసార్లు చెప్పాడు. తర్వాత, చక్రం జారితే ఇంజిను శక్తి తగ్గించే ట్రాక్షన్ కంట్రోల్ ఆపించి ఇసుకలోకి పంపాడు. అదే బండి, అదే డ్రైవరు, నిన్నటికంటే మెత్తటి ఇసుక, నడుచుకుంటూ పోయినట్టు పోయింది! మావాడు అవతల దిగి టైర్లని అలా చూస్తూ నిలబడ్డాడు.

ఆగడం కూడా నేర్చుకోవాలని నాకు అప్పటిదాకా తెలియదు. బ్రేకు గట్టిగా వేస్తే చక్రాల ముందు ఇసుక గుట్ట పడుతుంది, అందుకే యాక్సిలరేటర్ వదిలేసి పల్లం వైపు దానంతటదే ఆగేలా చూడాలి. చక్రం ఖాళీగా తిరుగుతోందనిపిస్తే వెంటనే కాలు తీసేసి, వచ్చిన జాడల్లోనే వెనక్కి రావాలి.

మధ్యాహ్నం రాళ్ల వాలు. బండి పూర్తిగా ఆపి, న్యూట్రల్‌లో పెట్టి ఆ రెండో లివర్‌ని "ఫోర్ లో"కి, అంటే వేగం తక్కువ బలం ఎక్కువ ఇచ్చే స్థానానికి మార్చి, మొదటి గేర్‌లో దిగాలి, క్లచ్ మీద కాలు పెట్టకూడదు. ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది. స్టీరింగ్ లోపలికి బొటనవేళ్లు పెట్టొద్దన్నాడు, చక్రం రాయికి తగిలితే స్టీరింగ్ ఒక్కసారిగా తిరిగి వేలు విరగొచ్చు. పెద్ద రాయిని చక్రాల మధ్యకి తెచ్చుకుంటే ఇరుసు మధ్యలో కిందికి ఉండే గేర్ల పెట్టె, డిఫరెన్షియల్, గుద్దుకుంటుంది కాబట్టి టైరునే దాని మీదికి ఎక్కించాలి. వాలు ఎక్కలేకపోతే పక్కకి తిప్పే ప్రయత్నమే వద్దు, బోల్తా పడేది అక్కడే. మావాడి చేత కావాలని సగంలో బండి ఆపించి, రివర్స్ గేర్‌లో తిన్నగా వెనక్కి దింపించాడు. చెమటలు పట్టాయి వాడికి. మా ఇద్దరికంటే బాగా దింపింది మా ఆవిడే, తొక్కే అలవాటు లేదు కదా!

వాగు దగ్గర ముందు కర్ర పట్టుకుని నడిచి లోతు చూశాం, మోకాలి కిందే, నిదానంగా దాటి, తడిసిన బ్రేకులు రెండుసార్లు నొక్కి ఆరబెట్టాం.

క్యాంపు బుక్ చేసే ముందు ఎన్ని బండ్లకి ఒక ట్రైనరో, గాలి నింపే కంప్రెసర్ ఉందో లేదో, లాగితే ఎంతో, తాడు ఎక్కడ తగిలిస్తారో అడగండి. చివరి ప్రశ్నకి నవ్వితే అటు వెళ్లకండి. కొనేవి గేజ్, చిన్న కంప్రెసర్, పార, అంతే. మోటారుతో తాడు చుట్టి బండిని లాగే వించ్, పైన లైట్ల పట్టీ ఇప్పుడే వద్దని నా గట్టి అభిప్రాయం, బావమరిది లైట్లు మాత్రం ఆర్డర్ పెట్టేశాడు.

తిరిగి గాలి నింపడానికి అరగంట పట్టింది. ఆలోపు తాళంచెవి మా ఆవిడ చేతిలోకి వెళ్లిపోయింది. "అక్కా, నా బండి" అన్నాడు వాడు. "వెనక కూర్చో" అంది.