పాంజనెల్లా: ఐదేళ్లు చేసుకున్నాక

ఇటలీలోని టస్కనీ ప్రాంతపు ఇళ్లలో వేసవి మధ్యాహ్నం పొయ్యి వెలిగించకుండా చేసుకునే వంటకం పాంజనెల్లా. ఎండిపోయిన బ్రెడ్డు నీళ్లలో నానబెట్టి, నీళ్లు పిండేసి, చేత్తో పొడి చేసి, టమాటా, ఉల్లిపాయ, కీరా, బేసిల్, ఆలివ్ నూనె, వెనిగర్‌తో కలపడమే. పేరుకి సలాడే గానీ, ఐదేళ్లుగా చేస్తుంటే అర్థమైందేమిటంటే, కూరగాయలు కాస్త అటూ ఇటూ అయినా వంటకం నిలబడుతుంది. బ్రెడ్డులో నీరు ఎక్కువైతే మాత్రం ఏదీ దాన్ని కాపాడలేదు.

నలుగురికి నేను వాడే కొలత ఇది: బాగా ఎండిన బ్రెడ్డు 200 గ్రాములు, పండిన టమాటాలు 500 గ్రాములు, కీరా 150, ఎర్ర ఉల్లిపాయ 100, బేసిల్ ఆకులు ఓ ఇరవై, ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనె 60 మిల్లీలీటర్లు, రెడ్ వైన్ వెనిగర్ 25 మిల్లీలీటర్లు. ఉప్పు లేని బ్రెడ్డయితే ఉప్పు 7 గ్రాములు, ఉప్పున్న బ్రెడ్డయితే 5 చాలు.

ఉప్పు లేని బ్రెడ్డేమిటంటారా, టస్కనీ బ్రెడ్డు అంతే. పిండి, నీరు, పులిసిన పిండి తప్ప అందులో ఇంకేమీ ఉండదు. 2016లో ఐరోపా సమాఖ్య దానికి డీఓపీ గుర్తింపు కూడా ఇచ్చింది, అంటే ఆ ప్రాంతంలో ఆ పద్ధతిలో చేసినదానికే ఆ పేరు వాడాలి. విడిగా తింటే చప్పగా ఉంటుంది, కానీ ఉప్పూ పులుపూ పట్టిన టమాటా రసం పీల్చుకోవడానికి అంతకంటే మంచి బ్రెడ్డు లేదు. అది దొరకకపోతే పైపెచ్చు గట్టిగా, లోపల గుల్లగా ఉండే సోర్‌డో (పులిసిన పిండితో చేసే) బ్రెడ్డు తీసుకోండి. ముక్కలు కోసి ప్యాకెట్లో అమ్మే మెత్తటి బ్రెడ్డు, పావ్, బన్ను పనికిరావు. వాటిలో చక్కెర, కొవ్వు ఉంటాయి, లోపలి భాగం మరీ సున్నితం. నీళ్లలో వేసిన నిమిషానికే జావ అవుతాయి.

ఇంట్లో కాల్చుకోవడం కష్టమేమీ కాదు. మైదా 400 గ్రాములు, చపాతీ పిండి 100, నీళ్లు 340 మిల్లీలీటర్లు, ఇన్‌స్టంట్ ఈస్ట్ 2 గ్రాములు. ఉప్పు లేకపోతే ఈస్ట్‌కి అడ్డుకట్ట ఉండదు, పిండి బిగువు కూడా తగ్గుతుంది. చేతికి అంటుకుంటోందని ఇంకాస్త పిండి చల్లకండి. మన ఎండలకి రెండు గంటల్లోనే రెట్టింపు పొంగుతుంది, అక్కడే ఆపి గుండ్రంగా చేసి, ముప్పావు గంట ఉంచి, 230 డిగ్రీల ఓవెన్లో 40 నిమిషాలు కాల్చాలి. పైపెచ్చు ముదురు గోధుమరంగుకి రావాలి. లేత రంగులోనే తీస్తే నానబెట్టినప్పుడు పట్టు ఉండదు.

ఎండబెట్టడం దగ్గర మన వాతావరణం అడ్డొస్తుంది. సముద్రం పక్క ఊళ్లలో బ్రెడ్డు బయట పెడితే ఎండేలోపే బూజు పడుతుంది. బూజు కనిపిస్తే ఆ ముక్క ఒక్కటే తీసేసి మిగతాది వాడొద్దు, మొత్తం పారేయాలి. ఫ్రిజ్‌లో కవరులో పెడితే గట్టిపడుతుంది కానీ తేమ లోపలే ఉండిపోతుంది, నానబెడితే సాగుతుంది. మూడు సెంటీమీటర్ల మందాన కోసి 110 డిగ్రీల ఓవెన్లో 40 నుంచి 45 నిమిషాలు పెట్టడమే ఖాయమైన దారి. రంగు మారకూడదు, తడి మాత్రమే పోవాలి.

ఇక అసలు పని. లీటరు చల్లటి నీళ్లలో ఒక చెంచా వెనిగర్ వేసి, ముక్కలు తుంచకుండా అలాగే ముంచి, తేలకుండా పైన పళ్లెం బోర్లించాలి. పది నిమిషాలయ్యాక మధ్యలో బొటనవేలితో నొక్కి చూడండి. లోపల రాయిలా తగిలితే ఇంకో నాలుగు నిమిషాలు. తీసి, మందపాటి అటుకులు తడిపి పిండినట్టు రెండు అరచేతుల మధ్య పెట్టి ఒత్తాలి. బట్ట పిండినట్టు మెలిపెడితే బంక వస్తుంది. తర్వాత తూకం వేయండి: 200 గ్రాముల బ్రెడ్డు పిండాక 350 నుంచి 400 గ్రాములు ఉండాలి. 400 దాటిందంటే ఇంకోసారి ఒత్తాల్సిందే. సరిగ్గా కుదిరిన బ్రెడ్డుని వేళ్ల మధ్య నలిపితే తడి ఇసుకలా కాకుండా పొరలుపొరలుగా విడిపోతుంది, వేలికి అంటుకోదు. బొటనవేలి గోరంత ముక్కలు చేసుకోండి. నానని పెచ్చు తగిలితే తీసేయండి.

ఈలోగా టమాటాలు పెద్ద ముక్కలు కోసి, ఉప్పులో ముప్పాతిక వంతు కలిపి, జల్లెడలో పెట్టి కింద గిన్నె ఉంచి అరగంట వదిలేయాలి. కారిన రసం పారబోయకండి. వెనిగర్, నూనె అందులోనే కలిపి గిలక్కొట్టి బ్రెడ్డు మీద పోస్తే, రుచి సగం అక్కడే వస్తుంది. దీనికి నాటు టమాటాయే మేలు. హైబ్రిడ్ కాయకి తోలు మందం, రసం తక్కువ. నాటు కాయ పులుపు ఎక్కువ కాబట్టి వెనిగర్ 15 మిల్లీలీటర్లకు తగ్గించండి. మన దగ్గర మంచి టమాటా చలికాలంలో వస్తుంది, అందుకే ఇటలీ వేసవి వంటకం నేను చేసేది ఎక్కువగా నవంబరు నుంచి ఫిబ్రవరి దాకానే.

ఉల్లిపాయ పల్చగా చీల్చి, వెనిగర్ కలిపిన చల్లటి నీళ్లలో అరగంట ఉంచితే ఘాటు దిగుతుంది. మన ఎర్ర ఉల్లికి ఇది తప్పనిసరి. కీరా గింజలు తీసి, మిగిలిన ఉప్పు రాసి, పది నిమిషాలాగి పిండేయాలి.

చైనీస్ ఫాస్ట్‌ఫుడ్‌లో వాడే తెల్లటి సింథటిక్ వెనిగర్ వేస్తే గొంతు పట్టే పులుపు తప్ప ఏమీ మిగలదు. వైన్ వెనిగర్ లేకపోతే నిమ్మరసమే నయం. బేసిల్‌కి బదులు తులసి వద్దు, లవంగం లాంటి ఆ వాసన మిగతావన్నీ మింగేస్తుంది. సబ్జా మొక్క బేసిల్ జాతిదే, కానీ ఆకు ఘాటు, సగం వేస్తే చాలు.

టమాటా ఇటలీ వంటింట్లోకి రాకముందు దీన్ని ఉల్లి, ఆకుకూరలతో చేసేవారు. వాటిలో ఒకటి మన గంగవాయిల కూర. టస్కనీలో ఇప్పటికీ కొందరు వేస్తారు. కాడలు తీసి, లేత ఆకులు గుప్పెడు పచ్చిగా కలిపితే ఆ పులుపు, కరకర దీనికి అచ్చంగా సరిపోతాయి. ఐదేళ్లలో నేను చేసిన మార్పుల్లో నిలిచినది ఇదొక్కటే. చీజ్, క్యాప్సికం, ఆలివ్ కాయలు వేసి చూసి మానేశాను.

బ్రెడ్డు నానబెట్టకుండా నూనెలో వేయించి కలిపే పద్ధతి రెస్టారెంట్లలో కనిపిస్తుంది. కలిపిన వెంటనే తింటే బాగుంటుంది, అరగంటకి సగం మెత్తగా, సగం గట్టిగా తయారవుతుంది. నానబెట్టినది దానికి పూర్తిగా విరుద్ధం: కలిపాక కనీసం గంటసేపు ఊరాలి. చల్లటి తడి బ్రెడ్డు నోటికి కొత్త కాబట్టి మొదటిసారి తినేవాళ్లలో కొందరికి నచ్చదు, అది ముందే చెప్పాలి.

ఫ్రిజ్‌లో మర్నాటి దాకా ఉంటుంది, ఆపైన ఉల్లి వాసన పెరుగుతుంది. చలికి నూనె గడ్డకడుతుంది కాబట్టి తినడానికి ఇరవై నిమిషాల ముందు బయట పెట్టి, అప్పుడు బేసిల్ చేత్తో తుంచి కలపండి. ముందే వేస్తే ఆకు నల్లబడుతుంది.