మనీ సినిమా: ముప్పై ఏళ్ళుగా చూస్తానే ఉండా, ఖాన్ దాదా ఇంకా పాతబడలే

మొదటిసారి చూసింది కర్నూల్లో మా చిన్నాయన వాళ్ళింట్లో. టీవీ, వీసీఆర్ ఒక రాత్రికి బాడుగకు తెచ్చి మూడు క్యాసెట్లు వరసగా ఏసినారు. మొదటి రెండూ ఏ సినిమాలో గుర్తు కూడా లేదు, ఒకటే ఫైటింగులు. మూడోది పెట్టేసరికి తెల్లారుజాము, సగంమంది చాపల మీద పడి గురకలు. అప్పుడు బ్రహ్మానందం ఖాన్ దాదా వేషంలో కళ్ళు ఉరుముతా వచ్చినాడు, మా జేజి లేచి కూర్చొని "ఎవుర్రా ఈడు, ఈడికి ఎవురు భయపడతారు?" అనింది. సినిమా అంతా ఆ ఒక్క మాటలో ఉందప్పా.

1993లో వచ్చింది, శివనాగేశ్వరరావు డైరెక్షన్, రాంగోపాల్ వర్మ ప్రొడ్యూసర్. కథ ఏమంటే పని లేని ఇద్దరు పిలగాళ్ళు, జేడీ చక్రవర్తి, చిన్నా, డబ్బుల కోసం ఒక డబ్బున్నామెను ఎత్తుకొస్తారు. మొగుడికి ఫోన్ చేసి డబ్బులియ్యకపోతే చంపేస్తాం అంటే మొగుడు లోపల్లోపల పండగ చేసుకుంటాడు, ఎందుకంటే ఆయమ్మను చంపాలని వాడే ప్లాన్ ఏసుకోనుంటాడు. ఇక బెదిరించేటోడికి చెమటలు, బెదిరింపు వినేటోడికి నవ్వులు. పరేష్ రావల్ ఫోన్ పట్టుకోని ఏడుపుమొహం పెట్టను తంటాలు పడేది చూడండి ఒకసారి, పెదాలు ఒకమాట వినవు. ఎత్తుకొచ్చిన ఆమె జయసుధ. ఆమెను ఇట్లాంటి పాత్రలో పెట్టాలని ఎవురికి తోచిందో గానీ ఆమె సీరియస్‌గా ఉంటేనే మనకు నవ్వొచ్చేది. లైను మాత్రం రూత్‌లెస్ పీపుల్ అనే 1986 ఇంగ్లీష్ సినిమాది, అది ఒప్పుకోవాల. కానీ ఖాన్ దాదా అందులో యాడుంటాడు, ఆయప్ప అచ్చంగా మనోడే.

నేనింత పట్టుబట్టి చెప్పేదానికి ఇంకో కారణం ఉంది. మాది సీమ. 1999లో సమరసింహారెడ్డి వచ్చినాక మా ఊర్లంటే తెల్ల సుమోలు, నాటుబాంబులు అయిపోయినాయి, ఒక్కడు సినిమా వచ్చినాక అయితే బయటూరోళ్ళు కొండారెడ్డి బురుజు చూడనొచ్చి "మహేష్ బాబు కొట్టింది యాడ?" అని అడుగుతారు, బురుజు ఎవురు కట్టించినారని ఒక్కడూ అడగడు. దాదా అంటే జనాలు చేతులు కట్టుకోని నిలబడాలని ఆ సినిమాలు చెప్తే, ఈ సినిమాలో దాదాకు సినిమా హీరో కావాలని పిచ్చి. పక్కన తనికెళ్ళ భరణి మాణిక్యం, ఆయప్ప పొగిడేకొద్దీ ఖాన్ దాదా మొహం ఉబ్బేది చూస్తే మా వీధిలో ఒక పెద్దమనిషి గుర్తొస్తాడు నాకు, పేరొద్దులే. బ్రహ్మానందానికి దీనికి నంది వచ్చింది, రాకుంటేనే తప్పు.

బాగలేనివి లేవా అంటే ఉన్నాయి. మొదటి అరగంట కొంచెం సాగుతుంది, ఒకటి రెండు పాటలప్పుడు నేను లేచి టీ పెట్టుకుంటా. కానీ పెళ్ళి చేసుకోవద్దురా నాయనా అని చెప్పే "భద్రం బీకేర్‌ఫుల్ బ్రదరూ" వదలద్దు, సిరివెన్నెల రాసింది, నా పెళ్ళి ముందురోజు నా దోస్తులు టేప్‌రికార్డర్లో పదిసార్లు ఏసినారు, మా మామ పక్క రూములోనే ఉండాడు. 1995లో రెండో భాగం మనీ మనీ కూడా వచ్చింది, అది ఒకసారికి చాలు. ప్రింట్ బాగున్నది ఎతుక్కోని చూడండి, ముక్కలు ముక్కలుగా కామెడీ బిట్లు చూస్తే మాత్రం ఆ ఫోన్ కథ ఎక్కదు.

మా పిల్లోడు ఖాన్ దాదా స్టిక్కర్లు ఏండ్లుగా పంపిస్తానే ఉండాడు, ఏ సినిమాలోదో తెలీకుండానే. మొన్న ఆదివారం ఉగ్గాని బజ్జి తింటా కూర్చోబెట్టి చూపించినా. ఇంటర్వెల్ దాకా ఫోన్ గీకుతానే ఉండాడు. పరేష్ రావల్ సంబరం చూసినాక బజ్జి చేతిలోనే ఉండిపోయింది, "నాయ్నా, కొంచెం ఎనక్కి పెట్టు" అన్నాడు.